షార్ట్ బెడ్ పికప్‌తో ఫిఫ్త్ వీల్ ట్రైలర్ లాగవచ్చునా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా దగ్గర 2021 నాటి ఫోర్డ్ ఎఫ్-250 డీజిల్ పికప్ ఉంది. క్రూ క్యాబ్, ముందు బెంచి సీటు, వెనుక బెడ్ పొడవు ఆరుముప్పావు అడుగులు. గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. వారిని, మా ఇద్దరు పిల్లలను తీసుకొని వసంతకాలం సెలవులలో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు వెళ్లాలని, అందుకోసం 32 అడుగుల ఫిఫ్త్ వీల్ ట్రైలర్ కొనాలని అనుకుంటున్నాము. దాని జీవీడబ్ల్యూఆర్, అంటే సామానుతో సహా మించకూడని మొత్తం బరువు, 12,500 పౌండ్లు. మా ట్రక్కు 15,000 పౌండ్లు లాగుతుందని, ట్రైలర్‌ను తగిలించే హిచ్ ఒకటి బిగించుకుంటే చాలని డీలరు అంటున్నాడు. షార్ట్ బెడ్‌తో ఫిఫ్త్ వీల్ లాగితే మలుపులో ట్రైలర్ మూల తగిలి క్యాబ్ వెనుక అద్దం పగిలిపోతుందని మా మిత్రుడు భయపెడుతున్నాడు. ఎవరి మాట వినాలి? వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ తప్పనిసరా? డ్రైవరు తలుపు దగ్గర ఉన్న స్టిక్కర్ మీద 2,210 పౌండ్లు అని ఉంది. పనికివస్తుందేమోనని అది కూడా రాస్తున్నాను.

సమాధానం: స్టిక్కర్ మీది అంకె రాసి చాలా మంచి పని చేశారు. మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. ముందుగా రెండు మాటలలో చెబుతాను. మీ మిత్రుడు చెప్పిన ప్రమాదం నిజమే గాని, దానికి మార్గాలున్నాయి. వేలాది మంది షార్ట్ బెడ్ పికప్‌లతో ఫిఫ్త్ వీల్ ట్రైలర్లను క్షేమంగా లాగుతున్నారు. డీలరు తేలికగా తీసిపారేసిన బరువు సంగతికి మాత్రం, మీరు ఎంచుకున్న ట్రైలర్‌తో, మీ ట్రక్కుతో, ఆరుగురు మనుషులతో మార్గం లేదు. ఆ ట్రైలర్‌కు అడ్వాన్సు కట్టవద్దు. ఎందుకో వివరిస్తాను. మీరు ముందుగా అడిగింది క్యాబ్ గురించి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

మామూలు ట్రావెల్ ట్రైలర్‌ను ట్రక్కు బంపరు వెనుక ఉన్న బాల్‌కు తగిలిస్తారు. ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌ను ట్రక్కు బెడ్ మధ్యలో బిగించిన హిచ్‌కు తగిలిస్తారు. ట్రైలర్ ముక్కు కింద రెండు అంగుళాల లావున్న ఉక్కు కింగ్‌పిన్ ఉంటుంది, దానిని హిచ్ దవడలు పట్టుకుంటాయి. ఆ పట్టు వెనుక ఇరుసుకు సరిగ్గా పైన గాని, దానికి ఒకటి రెండు అంగుళాలు ముందు గాని పడుతుంది. బరువు ఇరుసు వెనుక వేలాడకుండా ఇరుసు మీదనే కూర్చుంటుంది కాబట్టి పక్కగాలికి, పెద్ద లారీలు దాటిపోయేటప్పుడు వచ్చే ఊపుకు ట్రైలర్ అంతగా ఊగదు. ఫిఫ్త్ వీల్ మీద జనానికి ఉన్న మోజుకు ప్రధాన కారణం ఇదే, అందులో అతిశయోక్తి లేదు.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఎనిమిదడుగుల లాంగ్ బెడ్ పికప్‌లో వెనుక ఇరుసు నడిమి నుంచి క్యాబ్ వెనుక గోడ దాకా సుమారు 56 అంగుళాల దూరం ఉంటుంది. మీ ఆరుముప్పావు అడుగుల బెడ్‌లో అది సుమారు 40 అంగుళాలు. ట్రైలర్ల వెడల్పు సాధారణంగా 96 అంగుళాలు, కొన్నింటికి 102 అంగుళాలు. కింగ్‌పిన్ ఆ వెడల్పుకు సరిగ్గా నడుమ ఉంటుంది గనుక, పిన్ నుంచి పక్కకు ట్రైలర్ మూల 48 గాని 51 గాని అంగుళాల దూరంలో ఉంటుంది. ట్రక్కుకు ట్రైలర్ అడ్డంగా, అంటే 90 డిగ్రీలు తిరిగిందంటే ఆ 48 లేదా 51 అంగుళాలు పిన్ నుంచి క్యాబ్ వైపుకు వస్తాయి. లాంగ్ బెడ్‌లో 56 ఉన్నాయి, సరిపోతాయి. షార్ట్ బెడ్‌లో 40 మాత్రమే ఉన్నాయి, సరిపోవు. ముందుగోడ చదరంగా ఉండి, పిన్ ఆ గోడకు సరిగ్గా కిందనే ఉన్న 96 అంగుళాల ట్రైలర్‌ను లెక్కకు తీసుకుంటే, సుమారు 55 డిగ్రీలు తిరిగేసరికే దాని మూల క్యాబ్‌ను తాకుతుంది.

ఈ లెక్క తెలిస్తే భయం ఎంతవరకు అవసరమో కూడా తెలుస్తుంది. హైవే మీద, ఊరి వీధుల మలుపులలో ట్రక్కుకూ ట్రైలర్‌కూ మధ్య కోణం 55 డిగ్రీల దాకా వెళ్లడం అరుదు. అద్దాలు పగిలేది దాదాపు ఎప్పుడూ నెమ్మదిగా నడిపే చోటనే. క్యాంపుగ్రౌండ్‌లో ఇరుకైన దారి నుంచి చోటులోకి వెనక్కి తోసేటప్పుడు, పెట్రోలు బంకులో స్తంభాల మధ్య నుంచి బయటపడేటప్పుడు, దారి తప్పి ఇరుకులో వెనుదిరగవలసి వచ్చినప్పుడు ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. డ్రైవరు చూపంతా పక్క అద్దంలో ట్రైలర్ వెనుక చక్రం మీద ఉంటుంది, దెబ్బ మాత్రం అతని తల వెనుక తగులుతుంది. మరొక సంగతి చాలామందికి తట్టదు. నేల ఎగుడుదిగుడుగా ఉండి ట్రక్కు ఒక పక్కకు, ట్రైలర్ మరొక పక్కకు ఒరిగితే, చదును నేల మీద మూడు నాలుగంగుళాలు ఉన్న సందు పైభాగంలో పూర్తిగా మూసుకుపోవచ్చు. అందువల్ల కొలతలలో అంగుళం సందు మిగిలితే అది మిగిలినట్టు కాదు.

కనుక డీలరు దగ్గరకు టేపు తీసుకొని వెళ్లండి. మీ ట్రక్కు వెనుక చక్రం నడిబొడ్డుకు నేరుగా పైన, బెడ్ అంచు మీద ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి క్యాబ్ వెనుకకు బాగా పొడుచుకు వచ్చిన భాగం దాకా కొలవండి. ఆ భాగం కొన్ని ట్రక్కులలో అద్దం కాదు, పైనున్న బ్రేక్ లైటు. తరువాత ట్రైలర్ దగ్గర పిన్ నడిమి నుంచి ముందుగోడ మూల దాకా ఏటవాలుగా కొలవండి, గోడ పైభాగంలో ఎక్కడ ఎక్కువ వెడల్పుగా ఉందో చూడండి. ఈ మధ్య తయారవుతున్న ట్రైలర్లలో చాలావాటికి ముందు మూలలను లోపలికి గుండ్రంగా నొక్కి, పిన్‌ను గోడ కంటే ముందుకు జరిపి అమర్చుతున్నారు, దానివల్ల మూల చాలావరకు తప్పుకుంటుంది. షార్ట్ బెడ్‌కు అనుకూలమని కరపత్రంలో అచ్చువేసిన ప్రతి ట్రైలరూ మీ ట్రక్కుకు అనుకూలం కాకపోవచ్చు. టేపు చెప్పిందే నమ్మండి.

ఇక హిచ్‌ల సంగతికి వస్తాను. స్థిరమైన హిచ్ అన్నింటికంటే తేలిక, చవక. మూలలు బాగా గుండ్రంగా ఉన్న 96 అంగుళాల ట్రైలర్‌కు, ఎప్పుడూ నేరుగా లోపలికి వెళ్లి నేరుగా బయటకు వచ్చే చోట్లనే దిగేవారికి, అది సరిపోతుంది. మీరు ఈ పనికి కొత్త కాబట్టి మీకు స్థిరమైన హిచ్ మంచిదని చెప్పలేను. చేతితో జరిపే స్లైడర్‌లో హిచ్ తల పట్టాల మీద సుమారు 10 నుంచి 12 అంగుళాలు వెనక్కి జరుగుతుంది. మీ 40కి ఆ 12 కలిపితే 52 అవుతుంది. 96 అంగుళాల ట్రైలర్‌కు నాలుగంగుళాల సందు దక్కుతుంది, 102 అంగుళాలదానికి అంగుళమే. అందుకే షార్ట్ బెడ్ ఉన్నవారు స్లైడర్ పెట్టినా 96 అంగుళాల ట్రైలర్‌నే ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

స్లైడర్‌ను వాడే పద్ధతి కరపత్రాలలో ఒక వాక్యంతో ముగుస్తుంది గాని, చేతిలో అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. క్యాంపుగ్రౌండ్‌లో మీ చోటు ముందుకు వచ్చాక ట్రక్కును, ట్రైలర్‌ను ఒకే వరుసలో నేరుగా నిలపాలి. దిగి స్లైడర్ మీటను లాగి తాళం విప్పాలి. మళ్లీ ఎక్కి, డాష్‌బోర్డు మీద ఉన్న బ్రేక్ కంట్రోలర్‌ను వేలితో నొక్కి ట్రైలర్ బ్రేకులను మాత్రమే పట్టించి, ట్రక్కును అతి నెమ్మదిగా ముందుకు కదపాలి. ట్రైలర్ ఉన్నచోటనే ఉంటుంది, ట్రక్కు ముందుకు జరుగుతుంది, హిచ్ తల పట్టాల మీద వెనక్కి జారి ఠక్కున చప్పుడు చేస్తూ తాళం పడుతుంది. ఆ చప్పుడు వినిపించినా దిగి కంటితో చూసుకోవాలి. ట్రైలర్‌ను చోటులో నిలిపి మళ్లీ బయలుదేరేటప్పుడు ఇదంతా తిరగవేసి చేయాలి. ట్రైలర్ బ్రేకులు పట్టి ట్రక్కును వెనక్కి తోస్తే తల ముందుకు జారి తాళం పడుతుంది. తల వెనక్కి ఉన్నప్పుడు బరువంతా ఇరుసు వెనుక పడి ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది కనుక, ఆ స్థితిలో రోడ్డు ఎక్కనే కూడదు. వాలు నేల మీద తల జారకుండా మొరాయించడం కూడా ఉంటుంది. వెనుక వాహనాలు హారన్లు కొడుతుండగా మొదటిసారి ఈ పని నేర్చుకోవడం మంచిది కాదు. ఏదైనా విశాలమైన ఖాళీ స్థలంలో, సెలవురోజు ఉదయం, పక్కన ఒకరిని నిలబెట్టుకొని సాధన చేయండి.

తనంతట తాను జరిగే స్లైడర్లు కూడా ఉన్నాయి. వాటిలో పుల్‌రైట్ వారి సూపర్‌గ్లైడ్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. పిన్‌కు బిగించిన ఒక పలక హిచ్ తలను గట్టిగా పట్టుకొని, ట్రైలర్ తిరిగేకొద్దీ తలను వెనక్కి నెడుతుంది, నేరుగా అయ్యేకొద్దీ ముందుకు తెస్తుంది. డ్రైవరు గుర్తుంచుకోవలసిందేమీ ఉండదు. ఖరీదు ఎక్కువ, బరువు కూడా ఎక్కువ, ఆ పలక మీ ట్రైలర్ పిన్ బాక్సుకు, అంటే పిన్‌ను పట్టి ఉంచే ముందు చట్రానికి, సరిపోయేది అయి ఉండాలి. డబ్బు ఇబ్బంది లేకపోతే, కొత్తవారికి నా ఓటు దీనికే. ఇంకొక మార్గం ట్రైలర్ పిన్ బాక్సునే మార్చడం. సైడ్‌వైండర్ రకం పిన్ బాక్సులో తిరిగే కీలు పిన్ దగ్గర కాక దాదాపు 22 అంగుళాలు వెనుక ఉంటుంది, అందువల్ల మామూలు స్థిరమైన హిచ్‌తోనే మూల క్యాబ్‌కు దూరంగా తిరుగుతుంది. బెడ్ మధ్యలో బిగించే గూస్‌నెక్ బాల్‌కు తగిలించే అడాప్టర్లు తేలికగా, చవకగా కనబడతాయి గాని, అవి ట్రైలర్ ఫ్రేమ్ మీద వేరే రకం ఒత్తిడి తెస్తాయి. కొన్ని ఫ్రేమ్ తయారీ సంస్థలు వాటిని వాడితే వారంటీ చెల్లదంటాయి. అటువంటిదేదైనా కొనేముందు ఆ సంస్థ నుంచి రాతపూర్వకంగా సమాధానం తెచ్చుకోండి.

క్యాబ్ సమస్యకు ఇన్ని దారులున్నాయి. ఇక బరువుకు వద్దాం, మీరు నిదానంగా చదవవలసింది ఇదే.

డీలరు చెప్పిన 15,000 పౌండ్లు లాగే శక్తికి సంబంధించిన అంకె. ఇంజను, గేరుబాక్సు, ఫ్రేమ్ కలిసి ఎంత బరువును వెంట లాక్కుపోగలవో అది చెబుతుంది. ఎంత బరువును వీపున మోయగలవో చెప్పదు. ఎద్దుల బండిలో బస్తాలను ముందుకు సర్దితే కాడి మీద భారం పడి ఎద్దుల మెడలు వంగిపోతాయని మీ నాన్నగారికి చెప్పనక్కరలేదు. బండిలో సరుకు మొత్తం ఎంతన్నది ఒక లెక్క, కాడి మీద పడేదెంతన్నది వేరొక లెక్క. ట్రావెల్ ట్రైలర్ తన బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద మోపుతుంది. ఫిఫ్త్ వీల్ 15 నుంచి 25 శాతం దాకా మోపుతుంది, 20 శాతం అనుకొని లెక్క వేయడం అనుభవజ్ఞుల పద్ధతి. ఫిఫ్త్ వీల్ నిలకడగా నడవడానికి కారణమైన ఆ బరువే ట్రక్కుకు భారమవుతుంది.

మీ తలుపు దగ్గరి పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ మీద ఉన్న 2,210 పౌండ్లు మనుషులూ సామానూ కలిపి మించకూడని హద్దు. అందులో డ్రైవరు కూడా లెక్కకు వస్తాడు, హిచ్ బరువు వస్తుంది, ట్రైలర్ పిన్ బరువు మొత్తం వస్తుంది, కొన్న తరువాత మీరు బిగించుకున్న బెడ్ మూత, పనిముట్ల పెట్టె కూడా వస్తాయి. 12,500 పౌండ్లలో 20 శాతం 2,500. లెక్క అక్కడితోనే ఆగిపోవాలి, ఎందుకంటే ట్రక్కులో ఒక్క మనిషి కూడా ఎక్కకముందే మీరు హద్దు దాటిపోయారు. అయినా చివరిదాకా చూద్దాం. నలుగురు పెద్దలకు 600, ఇద్దరు పిల్లలకు 140, స్లైడర్ హిచ్‌కు సుమారు 200, చిల్లర సామానుకు 70 పౌండ్లు వేసుకుంటే మొత్తం 3,510 అవుతుంది. హద్దు కంటే 1,300 పౌండ్లు ఎక్కువ. ఆ అదనపు భారం వెనుక టైర్ల మీద, రిమ్‌ల మీద, స్ప్రింగుల మీద, బ్రేకుల మీద పడుతుంది. పశ్చిమ టెక్సస్ రోడ్డు మీద వేడెక్కిన టైరు పేలితే ఏమవుతుందో, ఆ ట్రక్కులో ఎవరెవరు కూర్చుని ఉంటారో ఆలోచించండి.

డీలరు ఇక్కడ కరపత్రం తీసి, దానిలో పిన్ బరువు 1,900 పౌండ్లే ఉందని చూపించవచ్చు. ఆ అంకె ఖాళీ ట్రైలర్‌ది. నీళ్లు, గ్యాసు సిలిండర్లు, మంచాల మీద పరుపులు, బియ్యం సంచి, కుక్కర్లు, బట్టలు ఏవీ లేనప్పటిది. ఫిఫ్త్ వీల్‌లో పెద్ద సామాను అర, గ్యాసు, బ్యాటరీలు సాధారణంగా ముందు భాగంలోనే ఉంటాయి, అందుచేత మీరు సర్దిన సామానులో ఎక్కువ పాలు పిన్ మీదికే చేరుతుంది. ఒక గాలను నీరు 8.3 పౌండ్లు తూగుతుంది, 50 గాలన్ల తొట్టి నింపితే 400 పౌండ్లు దాటుతుంది. స్ప్రింగుల దగ్గర గాలి సంచులు వేయిస్తే సరిపోతుందని చెప్పేవారు కూడా తారసపడతారు. గాలి సంచులు కుంగిన ట్రక్కును సమంగా నిలబెడతాయి, అది మంచిదే. స్టిక్కర్ మీది హద్దును అవి ఒక్క పౌండు కూడా పెంచవు.

మరి మీ ట్రక్కుకు ఎంత ఫిఫ్త్ వీల్ సరిపోతుంది? 2,210 నుంచి ఆరుగురు మనుషుల 740, హిచ్ 200, సామాను 70 తీసివేస్తే పిన్‌కు మిగిలేది 1,200. దానిని 20 శాతంగా భావిస్తే పూర్తిగా నింపిన ట్రైలర్ 6,000 పౌండ్లు మించకూడదు. ఆరుగురు పడుకోగలిగిన ఫిఫ్త్ వీల్ ఆ బరువులో దొరకడం దుర్లభం. మీ భార్య, అత్తమామలను తీసుకొని వేరే కారులో వచ్చినా, పిల్లలిద్దరితో మీరు ట్రక్కు నడిపితే పరిమితి దాదాపు 8,000 దగ్గర ఆగుతుంది. ఏ విధంగా చూసినా 12,500 అందదు. మీ ఎఫ్-250 వంటి ముప్పావు టన్ను తరగతి డీజిల్ ట్రక్కులలో ఇది తరచు ఎదురయ్యే సంగతి. డీజిల్ ఇంజను బరువు ఎక్కువ, పైగా ఈ తరగతి ట్రక్కులలో చాలావాటి మొత్తం బరువు హద్దు 10,000 పౌండ్ల దగ్గర పెడతారు, అందువల్ల లాగే శక్తి పుష్కలంగా ఉన్నా మోసే శక్తి ముందుగానే అయిపోతుంది.

మీ ముందు రెండు దారులున్నాయి. ఫిఫ్త్ వీలే కావాలనుకుంటే దీనికి పై తరగతి అయిన ఒక టన్ను ట్రక్కుకు మారాలి. వెనుక ఒంటి చక్రాలున్న వాటిలో కూడా పేలోడ్, అంటే మోయగల బరువు, 3,800 పౌండ్లు ఉన్నవి దొరుకుతాయి. పైన చెప్పిన బరువులు తీసివేస్తే పిన్‌కు 2,790 మిగులుతుంది, మీ 12,500 ట్రైలర్‌కు కొంత వెసులుబాటుతోనే సరిపోతుంది. అయితే ఒకే మోడల్‌లో కూడా ఇంజనును బట్టి, హంగులను బట్టి ఆ అంకె మారిపోతుంది కనుక, మీరు కొనబోయే ట్రక్కు తలుపు తెరిచి దాని స్టిక్కర్ చదవాలి. మారేటప్పుడు లాంగ్ బెడ్ తీసుకోవాలా అని అడుగుతారు. క్రూ క్యాబ్‌తో షార్ట్ బెడ్ ట్రక్కు పొడవు దాదాపు 21 అడుగులు, లాంగ్ బెడ్‌ది 22 అడుగులు దాటుతుంది. రోజూ ఆఫీసుకు, సరుకులకు అదే ట్రక్కు వాడేటట్టయితే షార్ట్ బెడ్, దానికి తోడు మంచి స్లైడర్ నాకు సమంజసంగా తోస్తున్నాయి. ట్రక్కు ట్రైలర్ కోసమే అయితే లాంగ్ బెడ్ తీసుకొని ఈ తలనొప్పి మొత్తం వదిలించుకోండి. టెక్సస్‌లో ట్రక్కు, ట్రైలర్ కలిపిన మొత్తం హద్దు 26,001 పౌండ్లు గాని అంతకు మించి గాని ఉండి, ట్రైలర్ ఒక్కటే 10,000 దాటితే వాణిజ్యేతర క్లాస్ ఏ లైసెన్సు కావాలి. మీరు అనుకుంటున్న ట్రైలర్‌ను ఒక టన్ను ట్రక్కుతో కలిపితే మామూలుగా ఆ గీతకు లోపలే ఉంటారు, అయినా రెండు వాహనాల జీవీడబ్ల్యూఆర్‌లు కూడి చూసుకోండి.

రెండవ దారి, ఉన్న ట్రక్కును ఉంచుకొని ట్రావెల్ ట్రైలర్ కొనడం. మీ ఇంటి పరిస్థితికి నేను దీనినే సిఫారసు చేస్తాను. 8,500 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ ఉన్న ట్రైలర్ 13 శాతం మోపినా 1,105 పౌండ్లు, బరువును సర్దే హిచ్‌కు 100, మనుషులకు 740, సామానుకు 70 కలిపితే 2,015. మీ 2,210లో ఇముడుతుంది. ట్రక్కు వెనుక హిచ్‌ను దూర్చే రిసీవర్ మీద రాసి ఉన్న హద్దు కూడా ఒకసారి చదవండి. ఇందులో ఇంకొక సౌకర్యం ఉంది. ఫిఫ్త్ వీల్‌లో పెద్ద పడకగది, చాలాసార్లు స్నానాలగది కూడా, ట్రక్కు బెడ్ పైకి వచ్చే ముక్కు భాగంలో ఉంటాయి. లోపల రెండు మూడు మెట్లు ఎక్కితే గాని అక్కడికి చేరలేము. రాత్రివేళ మోకాళ్ల నొప్పులతో మీ అమ్మగారు ఆ ఇరుకు మెట్లు దిగవలసి వస్తుందా అన్నది కొనేముందు ఆలోచించవలసిన విషయమే. ట్రావెల్ ట్రైలర్‌లో నేల అంతా ఒకే ఎత్తు. గాలికి ఊగే గుణం దీనిలో ఎక్కువన్నది నిజం. అందుకు ఊపును అదుపు చేసే హిచ్ తీసుకొని, ట్రైలర్ వెనుక భాగంలో బరువులు సర్దకుండా, గంటకు 65 మైళ్లు దాటకుండా నడపండి.

మీరు ఏది కొన్నా, సామాను సర్దుకున్న తరువాత ఒకసారి తూకం వేయించండి. హైవేల మీద లారీలు ఆగే పెద్ద బంకులలో క్యాట్ స్కేల్ అనే వాహనాల తూకం ఉంటుంది. ట్రక్కు ముందు చక్రాలు, వెనుక చక్రాలు, ట్రైలర్ చక్రాలు వేరువేరు పలకల మీద ఉండేలా నిలిపితే మూడు అంకెలు విడివిడిగా వస్తాయి. తరువాత ట్రైలర్‌ను విప్పి, అదే మనుషులతో, అదే ఇంధనంతో ట్రక్కును మాత్రం మళ్లీ తూచండి. ఫిఫ్త్ వీల్ అయితే ట్రక్కు రెండు ఇరుసుల మీద ఈ రెండు తూకాలకూ ఉన్న తేడాయే మీ అసలు పిన్ బరువు. వెనుక ఇరుసు అంకెను తలుపు దగ్గర రెండవ స్టిక్కర్ మీద రాసి ఉన్న వెనుక ఇరుసు హద్దుతో కూడా పోల్చుకోండి.

ఒకవేళ ట్రక్కు మార్చి ఫిఫ్త్ వీల్ వైపే వెళ్లేటట్టయితే, తగిలించే విధానంలో మూడు సంగతులు మరువవద్దు. వెనుకకు తోసేముందు టెయిల్‌గేటు దించాలి, పిన్ లోపలికి వెళ్లాక మళ్లీ ఎత్తాలి. ఈ క్రమం తప్పినవారి టెయిల్‌గేట్లు వంగిపోతాయి. పిన్ చుట్టూ దవడలు పూర్తిగా మూసుకున్నాయో లేదో టార్చి వేసి కంటితో చూడాలి. పిన్ ఎత్తుగా ఉండి దవడల అంచున నిలిచిపోతే, మీట మూసుకున్నట్టే కనిపించినా పట్టు ఉండదు. అందుకే ట్రైలర్ కాళ్లు ఇంకా నేలను తాకుతూ ఉండగానే, కరెంటు తీగ, తెగితే బ్రేకులు పట్టించే తాడు రెండూ తగిలించి, ట్రైలర్ బ్రేకులు పట్టి ట్రక్కును ఒకసారి మెల్లగా ముందుకు లాగి చూడాలి. పట్టు సరిగా లేకపోతే ట్రైలర్ కాళ్ల మీదనే నిలుస్తుంది, మీ బెడ్ అంచుల మీద పడదు. బెడ్ అంచుకూ ట్రైలర్ కింది భాగానికీ మధ్య కనీసం ఆరంగుళాల సందు ఉండాలి. ఇప్పటి ట్రక్కుల బెడ్‌లు ఎత్తుగా ఉంటున్నందువల్ల ఆ సందు కోసం ట్రైలర్ ముక్కు పైకి లేచి ట్రైలర్ వెనుక ఇరుసు మీద భారం ఎక్కువ పడే అవకాశం ఉంది, దానిని కూడా అమర్చేటప్పుడే సరిచూపించుకోండి.

బిగ్ బెండ్ గురించి ఒక మాట. ఫ్రిస్కో నుంచి అది 500 మైళ్లకు పైగా ఉంటుంది, ట్రైలర్‌తో ఒక్క రోజులో పూర్తిచేయాలని చూడవద్దు, పెద్దవాళ్లతో అసలే వద్దు. మధ్యలో ఒక రాత్రి ఆగి, ఫోర్ట్ స్టాక్టన్‌లో ట్యాంకు నింపుకొని, మారథాన్ మీదుగా 385 రోడ్డులో దక్షిణానికి వెళ్లండి. పార్కు లోపల చీసోస్ బేసిన్‌కు ఎక్కే కొండదారిలో 20 అడుగులు మించిన ట్రైలర్లు వద్దని పార్కు వారే చెబుతారు. మలుపులు అంత బిగువుగా ఉంటాయి, మీరు కొనబోయే ట్రైలర్ ఏదైనా ఆ హద్దు దాటుతుంది. కరెంటు, నీరు, మురుగు సదుపాయాలున్న ఆర్వీ క్యాంపుగ్రౌండ్ రియో గ్రాండే విలేజ్‌లో ఉంది. వసంతకాలం సెలవులలో అక్కడ చోటు దొరకడం కష్టం కాబట్టి ట్రైలర్ బేరం కుదిరే దాకా ఆగకుండా ముందుగానే కేటాయించుకోండి. ట్రైలర్‌ను అక్కడ నిలిపి, ట్రక్కులో మాత్రం మీ అమ్మానాన్నలను చీసోస్ కొండల మీదికి తీసుకువెళ్లండి.